రోడ్స్ వడిసెలకు 12 అంగుళాలేనా?

కృష్ణాతీరం

క్రీ.పూ. 401లో పర్షియా సామ్రాజ్యం మధ్యలో చిక్కుకుపోయిన పదివేలమంది గ్రీకు కిరాయి సైనికుల తిరుగు ప్రయాణాన్ని బల్ల మీద బొమ్మ సైనికుల యుద్ధంగా ఆడాలని రెండు నెలలుగా ఆ బొమ్మలకు రంగులు వేసుకుంటున్నాను. ఆ సైన్యంలో స్వయంగా నడిచిన జెనోఫోన్ రాసినదాని ప్రకారం, జపాతాస్ నది దాటాక పర్షియన్ల వైపు నుంచి మిత్రదాతుడు 200 గుర్రాలతోనూ, విలుకాండ్రు, వడిసెలకారులు కలిసి దాదాపు 400 మందితోనూ వచ్చి వెనుక దళాన్ని వేధించాడు. గ్రీకుల వైపున్న క్రీటు విలుకాండ్ర బాణాలు శత్రువు దాకా అందలేదు, ఆ రోజంతా నడిచినా గ్రీకులు 25 స్టేడియాలు, అంటే నాలుగున్నర కిలోమీటర్ల చిల్లర మించి కదలలేకపోయారు. ఆ రాత్రి సైన్యంలో ఉన్న రోడ్స్ ద్వీపవాసులను వెదికి పట్టుకున్నారు. తమ దగ్గర వడిసెల ఉన్నవారికి దాని ఖరీదు ఇచ్చారు, కొత్తవి అల్లేవారికి విడిగా డబ్బు ఇచ్చారు, మరునాటికి 200 మంది సిద్ధమయ్యారు. రోడ్స్ వారు వాడే సీసపు గుండు, పర్షియన్లు విసిరే పిడికెడు రాయి కంటే రెట్టింపు దూరం పోతుందని జెనోఫోన్ స్పష్టంగా చెప్పాడు.

ఇప్పుడు నా బాధ వినండి. మేము ఆడే హెయిల్ సీజర్ అనే ఆట నియమావళిలో, బల్ల మీద కొలిస్తే విల్లు అందే దూరం 18 అంగుళాలు, వడిసెలకు 12, విసురు బల్లేనికి 6. ఈ లెక్కన రోడ్స్ వారు ఎంత ప్రయత్నించినా పర్షియన్ విలుకాండ్రను తాకలేరు. చరిత్రలో సైన్యాన్ని కాపాడిన దళం నా బల్ల మీద చేతులు కట్టుకుని నిలబడుతోంది. దీన్ని మీరు ఎలా సరిచేసుకున్నారు?

పాచికల_పంతులు

నియమావళిలోని అంగుళాన్ని మీటరుగా మార్చి చూడటం మొదటి పొరపాటు. అక్కడ రాసిన దూరం ఆయుధం పోగలిగే గరిష్ఠ దూరం కాదు, ఒక దళం యుద్ధం మధ్యలో ఫలితం రాబట్టగలిగే దూరం. విల్లు, వడిసెల, బల్లెం మూడింటికీ తేడా చూపాలి కాబట్టి 18, 12, 6 అని మెట్లు కట్టారు, అంతే. పాత వార్‌హామర్ ఏన్షియంట్ బ్యాటిల్స్ నియమావళిలో కూడా విల్లుకు 24, వడిసెలకు 18 ఇచ్చి, వడిసెలకారుడు సగం దూరంలో ఉంటే రెండుసార్లు విసరవచ్చని సరిపెట్టారు. 1990లో వచ్చిన డీబీఏ అనే మరో నియమావళి అయితే విల్లు, బల్లెం, వడిసెల పట్టిన తేలికపాటి కాల్బలాన్నంతా సైలాయ్ అనే ఒకే గంపలో వేసి, వారికి దూరం నుంచి కొట్టే అవకాశమే లేకుండా చేసింది. నా మట్టుకు ఆ పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది, ఎందుకంటే చిల్లర దళాల పని వేధించడమే కానీ యుద్ధం గెలిపించడం కాదు.

సీసపుగుండు

వేధించడమే కదా అంటున్నారు. ఆ వేధింపు వల్లనే గ్రీకులు రోజుకు నాలుగున్నర కిలోమీటర్లకు పడిపోయారని కృష్ణాతీరం గారు ఇప్పుడే రాశారు. ఎవరు ఎవరిని వేధించగలరన్నదే ఆ సన్నివేశానికి ప్రాణం, కాబట్టి అక్కడ అందరినీ ఒకే గంపలో వేస్తే ఆడటానికి ఏమీ మిగలదు.

పిడుగురాళ్ళ_కుర్రాడు

నేను ఈ ఆటకు కొత్త. వడిసెల అంటే చిన్నప్పుడు మేము పిట్టలను కొట్టే పంగలకర్రేనా? దానితో 100 మీటర్లు దాటడం కూడా కష్టం కదా.

గ్రంథాలయం_మూల

కాదు. పంగలకర్ర సాగే రబ్బరు మీద ఆధారపడుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టింది 1839లో, కాబట్టి అది ప్రాచీన ఆయుధం కాలేదు. వడిసెలలో సాగేది ఏదీ ఉండదు. రెండు తాళ్ళు, మధ్యలో రాయి పెట్టుకునే వెడల్పు అల్లిక, అంతే. తిప్పేటప్పుడు చేయి పొడవుకు తాడు పొడవు తోడవుతుంది, ఒక కొస వదిలేయగానే రాయి దూసుకుపోతుంది. ఈజిప్టు రాజు టుటంఖామున్ సమాధిలో కూడా వడిసెలలు దొరికాయి.

నల్లరేగడి

పిడుగురాళ్ళ_కుర్రాడు గారి ప్రశ్న చూసి నాకు మా తాతయ్య గుర్తుకొచ్చారు. మా ఊళ్ళో జొన్న పాలకంకి మీద ఉన్న రోజుల్లో తెల్లవారుజాము నుంచే మంచె ఎక్కి కూర్చునేవారు. గోగునారతో జడలా అల్లిన వడిసెల ఆయన చేతిలో ఉండేది. ఒక కొసన ఉన్న ఉచ్చును వేలికి తొడిగి, రెండో కొస ముడిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకునేవారు. పిట్టల గుంపు వాలిన చోటు చూసి విసిరితే రాయి కంటే ముందు తాటి కొస చేసే చప్పుడుకే సగం లేచిపోయేవి. రాయి వాటిని తాకవలసిన అవసరం కూడా లేదు, గుంపు మధ్యలో పడితే చాలు.

ఈ చర్చకు పనికొచ్చే రెండు విషయాలు ఆయన దగ్గర చూశాను. మొదటిది, ఆయన సినిమాల్లో చూపించినట్టు తలచుట్టూ గిరగిరా తిప్పేవారు కాదు. ఒక్క చుట్టు, మహా అయితే రెండు, వెంటనే వదలడం. రెండవది, రాళ్ళ విషయంలో చాలా పట్టింపు. వాగులో దొరికే నున్నటి గుండ్రాళ్ళను సంచిలో వేసుకుని తెచ్చుకునేవారు, చేలో దొరికే పలుకురాళ్ళు ముట్టుకునేవారు కాదు, ఎందుకంటే అవి గాలిలో పక్కకు తిరిగిపోతాయి. ఎవరి చేతిలో ఉంది, ఏ గుండు వాడుతున్నాడు అన్నది అడగకుండా వడిసెలకు ఇన్ని అంగుళాలని రాసేవారు ఒక్క పూట మంచె మీద కూర్చుంటే బాగుండేదని నిజంగానే అనుకుంటాను.

లెక్కల_మాస్టారు

నల్లరేగడి గారు చెప్పిన గుండు పట్టింపు వెనుక ఉన్న లెక్క చెబుతాను. మామూలు రాయి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.6 గ్రాములు, సీసానిది 11.3. ఒకే బరువు ఉన్న రెండు గుండ్లు తీసుకుంటే, గాలికి ఎదురయ్యే సీసపు గుండు అడ్డుకోత రాతి గుండులో మూడు వంతుల్లో ఒక వంతు కంటే కాస్త ఎక్కువ, కచ్చితంగా చెప్పాలంటే 37.5 శాతం. ఒకే చేయి, ఒకే వేగంతో విసిరినా గాలి సీసాన్ని అంత తక్కువగా నిలువరిస్తుంది. పైగా గ్రీకులు, రోమన్లు సీసాన్ని బాదం గింజ ఆకారంలో పోతపోసేవారు. జెనోఫోన్ చెప్పిన రెట్టింపు దూరం అతిశయోక్తి కానక్కరలేదు, ఎందుకంటే పర్షియన్లు విసిరినది చేతినిండా పట్టే రాయి. బరువు ఎక్కువ కావడంతో అది చేతి నుంచే నెమ్మదిగా బయలుదేరుతుంది.

ఓరుగల్లు_కోట

దూరం గురించి ఇంకా గట్టి ఆధారం ఉంది. నాలుగవ శతాబ్దం చివర యుద్ధవిద్య గురించి రాసిన రోమన్ రచయిత వెజిటియస్, విలుకాండ్రకూ వడిసెలకారులకూ సాధన చేయించేటప్పుడు గడ్డిమోపులను 600 అడుగుల దూరంలో నిలబెట్టేవారని చెప్పాడు. రోమన్ అడుగుల లెక్కన అది 178 మీటర్లు. ఇద్దరికీ ఒకటే దూరం అన్నది గమనించండి. అలాంటప్పుడు ఒకరికి 18, మరొకరికి 12 అని రాయడానికి ఆధారం ఎక్కడిది?

గ్రంథాలయం_మూల

ఓరుగల్లు_కోట గారూ, ఆ వాక్యాన్ని చివరిదాకా చదవాలి. అక్కడ రాళ్ళు విసిరింది మామూలు వడిసెలతో కాదు, ఫుస్టిబాలుస్‌తో. నాలుగు అడుగుల కర్రకు తోలు వడిసెల కట్టి, రెండు చేతులతో విసిరే సాధనం అది. దాని వర్ణన అదే గ్రంథంలో మరోచోట ఉంది. కాబట్టి 600 అడుగుల లెక్కను చేతి వడిసెలకు నేరుగా అంటగట్టకూడదు.

ఓరుగల్లు_కోట

మీరు చెప్పింది నిజమే, ఇప్పుడు మళ్ళీ చూశాను. నా వాదనలో ఆ ఒక్క రాయిని వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అదే వెజిటియస్, శిరస్త్రాణం, కవచం వేసుకున్న సైనికుడికి బాణాల కంటే వడిసెల గుండ్రాయి ఎక్కువ ప్రమాదకరమని వేరేచోట రాశాడు. ఒంటి మీద గాయం కనిపించకుండా, రక్తం కారకుండానే ఆ దెబ్బకు మనిషి చనిపోతాడని కూడా అన్నాడు. దూరం మాట అలా ఉంచి, కవచం మీద ప్రభావం సంగతి నియమాల్లో ఎక్కడుంది?

పాచికల_పంతులు

వెజిటియస్ పాత రోజుల గొప్పతనాన్ని తలచుకుంటూ రాసిన మనిషి, యుద్ధంలో సైన్యాన్ని నడిపినవాడు కాదు. నా ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పండి. వడిసెల అంత గొప్ప ఆయుధమైతే, రోమన్లు తమ సహాయక దళాల్లో విలుకాండ్ర కోహోర్తులను, అంటే పటాలాలను, అంత పెద్ద సంఖ్యలో ఎందుకు పెంచుకున్నారు? వడిసెల గుర్రం మీద నుంచి పనికిరాదు, గుంపుగా నిలబడి విసరడానికి పనికిరాదు. విలుకాడు భుజం భుజం కలిపి నిలబడగలడు, ముందు వరుస తలల మీదుగా కొట్టగలడు. ఒకే వెడల్పులో 100 బాణాలు పడే చోట 40 రాళ్ళే పడితే, ఒక్కొక్క రాయి ఎంత బలమైనదైనా ఏం లాభం?

గ్రంథాలయం_మూల

గుర్రం మాట మాత్రం ఒప్పుకోను. క్రీ.శ. 128లో హాడ్రియన్ చక్రవర్తి ఆఫ్రికాలోని లాంబేసిస్‌లో సైనిక విన్యాసాలు చూసి చేసిన ప్రసంగం రాతి మీద చెక్కి ఉంది. అందులో కొమ్మాజీన్ ఆరవ కోహోర్తు ఆశ్వికులు వడిసెలలతో రాళ్ళు విసిరారని మెచ్చుకున్నాడు.

లెక్కల_మాస్టారు

ఆ మెచ్చుకోలును అది మామూలుగా అందరూ చేసే పని కాదనడానికి కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఆశ్వికులందరికీ వడిసెల ఇవ్వమని మాత్రం దయచేసి అడగకండి, ఆట చెడిపోతుంది.

సీసపుగుండు

పంతులు గారి అసలు వాదన వెడల్పు గురించి, దానిని నేను గౌరవిస్తాను. అయినా రెండు విషయాలు చెప్పాలి. నల్లరేగడి గారి తాతయ్య ఒక్క చుట్టుతో వదిలేవారని పైన చదివాం, వెజిటియస్ కూడా తల చుట్టూ ఒక్కసారే తిప్పి వదలాలని శిక్షణ గురించి రాశాడు. పది చుట్లు తిప్పేవాడికి కావలసినంత ఖాళీ ఇతనికి అక్కరలేదు. ఇక అస్సీరియా రాజధాని నీనెవేలో దొరికి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, యూదా రాజ్యపు లాకీష్ పట్టణం ముట్టడి శిల్పాలు చూడండి. అది క్రీ.పూ. 701 నాటి సంఘటన. అందులో అస్సీరియా వడిసెలకారులు విలుకాండ్రకు వెనుక నిలబడి విసురుతున్నారు. తలల మీదుగా విసరలేరన్న మాట ఆ శిల్పం ముందు నిలవదు.

పాచికల_పంతులు

శిల్పి ఉన్న స్థలంలో వరుసలు పేర్చుకుంటాడు. దానిని కవాతు పటంలా చదవకూడదు. అయినా కోట గోడ ఎత్తులో ఉంటుంది కాబట్టి ముట్టడిలో రాయిని పైకే విసరాలి, వెనుక నిలబడటం అక్కడ సహజం. మైదానంలో అదే పని చేస్తే ముందు వరుసలోని మన మనుషుల తలలే పగులుతాయి. ముట్టడిలో వడిసెలకు మంచి విలువ ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు.

ఓరుగల్లు_కోట

ముట్టడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, గోడ మీద ఉన్నవాడికీ వడిసెల అంతే బలం. ఇంగ్లండులోని మెయిడెన్ కాజిల్ అనే మట్టికోటలో తవ్వినప్పుడు చెసిల్ తీరం నుంచి ఏరి తెచ్చిన గుండ్రాళ్ళు గుట్టలుగా, మొత్తం 20,000కు పైగా బయటపడ్డాయి. మన దగ్గర 1946 తరువాత తెలంగాణ రైతాంగ పోరాటంలో రజాకార్ల మీదకు ఊళ్ళు తిరగబడినప్పుడు మిద్దెల మీద నుంచి, బురుజుల మీద నుంచి వడిసెల రాళ్ళు పడ్డాయని మా నాయనమ్మ చెప్పేది. తుపాకీ ఉన్నవాడి ముందు కూడా జనం దానిని చేతిలోకి తీసుకున్నారంటే, చేను కాసే పనిలో వారికి అది చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టే. అందుకే నా నియమాల్లో గోడ వెనుక ఉన్న పల్లె జనానికి కూడా వడిసెల ఇస్తాను, మైదానంలోకి వస్తే తీసేస్తాను.

అట్లాంటా_తెలుగు

మా క్లబ్బులో ఇదే తగవు ఏడాది పాటు నడిచింది. మేము చివరికి కవచం మీదనే తేల్చుకున్నాం. దానికి ఆధారం గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాసిన ఎక్నోమస్ యుద్ధం. క్రీ.పూ. 311లో సిసిలీలో సిరక్యూజ్ పాలకుడు అగాథోక్లీస్ మనుషులు కార్తేజ్ శిబిరం కంచె మీదకు ఎక్కివస్తుంటే, కార్తేజ్ సేనాని స్పెయిన్ దగ్గరి బలియారిక్ ద్వీపాల వడిసెలకారులను కనీసం వేయిమందిని పిలిపించాడు. వారు విసిరినవి ఒక్కొక్కటి మీనా బరువు రాళ్ళు, అంటే 430 గ్రాములకు అటూ ఇటూ. చాలామంది గాయపడ్డారు, కొందరు చనిపోయారు, ఎక్కువమంది రక్షణ సామగ్రి పగిలిపోయింది. అర కిలోకు దగ్గరగా ఉన్న రాయి కవచాన్ని ఛేదించనక్కరలేదు, డాలు పట్టిన చేయి విరిగితే చాలు. బాణం గుచ్చుకోవాలి, లేకపోతే వృథా. ఈ తేడాను రక్షణ పాచికలో, అంటే దెబ్బ తప్పించుకోవడానికి వేసే పాచికలో, చూపించకపోతే వడిసెల ఎప్పటికీ పొట్టి విల్లుగానే మిగిలిపోతుంది.

పిడుగురాళ్ళ_కుర్రాడు

430 గ్రాముల రాయిని అంత దూరం విసరగలరా?

అట్లాంటా_తెలుగు

విసరలేరు, దగ్గర నుంచే విసిరేవారు. ఆ ద్వీపవాసులు మూడు వడిసెలలు వెంట ఉంచుకునేవారని డియోడోరస్, భూగోళ రచయిత స్ట్రాబో ఇద్దరూ రాశారు. పొడుగుది దూరానికి, పొట్టిది దగ్గరకు, మధ్యరకంది మధ్య దూరానికి అని స్ట్రాబో వివరించాడు. అంటే ఒకే మనిషి దూరాన్ని బట్టి ఆయుధం మార్చుకుంటున్నాడు. విలుకాడు ఆ పని చేయడు. నియమాలు రాసేవారు ఈ ఒక్క వాక్యాన్ని పట్టించుకున్నా నాకు తృప్తిగా ఉండేది.

లెక్కల_మాస్టారు

సీసానికి మరో గుణం ఉంది. మొదటి శతాబ్దపు గ్రీకు రచయిత ఒనసాండర్, సీసపు గుండు గాలి రంగులో కలిసిపోయి కనిపించదని, అందుకే తేలికపాటి దళాల ఆయుధాల్లో వడిసెల అన్నింటికన్నా ప్రాణాంతకమని రాశాడు. గుండు ఒంట్లోకి దిగబడేదనడానికి సాక్ష్యం రోమన్ రచయిత సెల్సస్. లోపల ఇరుక్కున్న సీసపు గుండ్లను, రాళ్ళను బయటకు తీసే పద్ధతిని ఆయన తన వైద్యగ్రంథం ఏడవ భాగంలో బాణాల పక్కనే వివరించాడు. బాణం వస్తుంటే కనిపిస్తుంది, డాలు ఎత్తుకునే వ్యవధి ఉంటుంది. కనిపించని దానికి డాలు ఎత్తడం ఎలా?

సీసపుగుండు

స్కాట్లండులోని బర్న్స్‌వార్క్ కొండ దగ్గర రెండవ శతాబ్దపు రోమన్ సీసపు గుండ్లు తవ్వకాల్లో చాలా దొరికాయి. వాటిలో చిన్నవాటికి కావాలనే ఒక చిల్లు పెట్టారు. అలాంటి గుండును తయారుచేసి విసిరి చూసినవారు అది తుమ్మెదలా రొద చేస్తూ పోతుందని గమనించారు. కనిపించని గుండు ఒకటి, వినిపించి భయపెట్టే గుండు ఒకటి. నైతిక స్థైర్యం పరీక్షలో కూడా వడిసెలకు చోటు ఉండాలని అందుకే అంటాను.

పాచికల_పంతులు

దూరం పెంచండి, కవచం తగ్గించండి, స్థైర్యం దెబ్బతీయండి అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్క వరం ఇచ్చుకుంటూ పోతే, రేపటి నుంచి అందరి సైన్యాల్లోనూ వడిసెలకారులే ఉంటారు. చరిత్రలో అలా జరగలేదు. వరం ఇచ్చిన చేత్తోనే వెల కూడా వేయండి.

కృష్ణాతీరం

పంతులు గారి మాట మనసులో పెట్టుకుని ఈ ఆదివారం మా ఇంట్లో మూడుసార్లు ఆడాము. ఇలా మార్చుకున్నాము. చేలో రాళ్ళు ఏరుకుని విసిరే సామాన్య దళానికి పుస్తకంలో ఉన్న 12 అంగుళాలే ఉంచాము, వేరే లాభం ఏమీ లేదు. రోడ్స్ వారికి, గ్రీసులోని అకయా వారికి సీసం ఉన్నంతవరకు 18 ఇచ్చాము. అకయా వారిని చేర్చడానికి కారణం, క్రీ.పూ. 189లో సామే అనే గ్రీకు పట్టణం ముట్టడికి రోమన్లు వారి నుంచి 100 మందిని పిలిపించుకోవడం, వారు శత్రువు ముఖంలో తాము కోరుకున్న చోట కొట్టగలరని రోమన్ చరిత్రకారుడు లివీ రాయడం. బలియారిక్ వారికి ఆటగాడు ప్రతి వంతులో ఎంచుకోవచ్చు. పొడుగు వడిసెలతో 18 అంగుళాలు మామూలు దెబ్బ, లేదా పొట్టి వడిసెలతో 6 అంగుళాల లోపల శత్రువు రక్షణ పాచిక నుంచి 1 తగ్గింపు.

వెల విషయానికి వస్తే, వడిసెల దళం ఎప్పుడూ విడివిడిగా, ఒకే వరుసలో నిలబడాలి. అందువల్ల అంతే వెడల్పులో నిలబడిన విలుకాండ్ర కంటే ఒక పాచిక తక్కువ వస్తుంది. సీసం అయిపోతే రోడ్స్ వారు కూడా 12కు పడిపోతారు. దారిలోని పల్లెల్లో గ్రీకులకు వింటినారులతో పాటు సీసం కూడా దొరికిందని జెనోఫోన్ రాశాడు కాబట్టి, బల్ల మీద రెండు పల్లెలు పెట్టి, అక్కడికి చేరిన దళానికి సీసం తిరిగి నింపాము.

ఫలితం చెబుతాను. పాత నియమాలతో ఆడిన మొదటి ఆటలో గ్రీకుల వెనుక దళం పల్లె చేరకుండానే చెదిరిపోయింది. కొత్త నియమాలతో ఆడిన రెండింటిలోనూ పర్షియన్ ఆటగాడు తనంతట తానే దూరం జరిగాడు, ఎందుకంటే దగ్గరకు వస్తే తనకూ దెబ్బ తగులుతోంది. జెనోఫోన్ చెప్పిందీ అదే, రోడ్స్ వారు విసరడం మొదలుపెట్టాక శత్రువు వెనక్కి తగ్గి దూరం నుంచే వెంబడించాడు. మూడో ఆటలో సీసం మధ్యలో అయిపోయి, రెండో పల్లె కోసం జరిగిన పరుగు ఆ రోజుకే మంచి ఘట్టం.

పాచికల_పంతులు

ఒక పాచిక తగ్గించి, సీసానికి లెక్క పెట్టడం నాకు సమ్మతమే. దూరం ఆయుధానిది కాదు, దళానిది అని ఒప్పుకుంటున్నాను. బలియారిక్ వారికి ప్రతి వంతులో ఎంచుకునే హక్కు మాత్రం ఎక్కువ. తాడు మార్చుకోవడానికి ఒక వంతు ఖర్చు పెట్టించండి.

అట్లాంటా_తెలుగు

తలకు చుట్టుకున్న మరో వడిసెల తీసి వేలికి తగిలించుకోవడానికి ఒక వంతా? అది చాలా అన్యాయం. కదలకుండా ఉంటే మార్చుకోవచ్చు, కదిలితే కుదరదు అని పెట్టండి.

పాచికల_పంతులు

అలాగైతే సరే.

నల్లరేగడి

మీరు ఆడుతున్న ఆదివారమే నేను మా పొలంలో ఒక ప్రయత్నం చేశాను. పంట కోసిన బీడులో, మనుషులు గానీ పశువులు గానీ లేని వైపుకు తిరిగి, కొత్తగా అల్లించుకున్న గోగునార వడిసెలతో 30 సార్లు విసిరాను. 10 పలుకురాళ్ళు, 10 వాగు గుండ్రాళ్ళు, 10 నేను నల్లమట్టితో చేసి ఎండబెట్టిన ఉండలు. పలుకురాళ్ళు 60 అంగలు నడిచిన దూరం దాటలేదు, పైగా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోయింది. గుండ్రాళ్ళు 80, 90 అంగల దాకా పోయాయి. అన్నీ ఒకే బరువుతో చేసుకున్న మట్టి ఉండలు దూరంలో గుండ్రాళ్ళను మించలేదు కానీ, పదింటిలో ఏడు ఒకే మంచం వెడల్పులో పడ్డాయి. చేతికి అలవాటు లేని నాకే ఇంత తేడా తెలిసింది. సిరియాలోని టెల్ హమూకార్‌లో దాదాపు 5,500 ఏళ్ళ నాటి మట్టి ఉండలు గుట్టలుగా దొరికాయని చదివినప్పుడు, రాళ్ళు దొరకక మట్టితో చేసుకున్నారేమో అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

కృష్ణాతీరం గారూ, మీ పట్టికలో సామాన్య దళానికీ సీసం దళానికీ మధ్య ఎండబెట్టిన మట్టి ఉండలకు ఒక వరుస చేర్చండి. దూరం 12 దగ్గరే ఉంచి, గురి తప్పిన పాచికల్లో ఒకదానిని మళ్ళీ వేసుకోనివ్వండి.

కృష్ణాతీరం

చేర్చాను. వచ్చే ఆదివారం లాకీష్ ఆడుతున్నాము, అస్సీరియా వారికి మొదట అదే ఇచ్చి చూస్తాము. వడిసెలకారులను విలుకాండ్ర వెనుక నిలబెట్టాలా వద్దా అన్నది పంతులు గారూ, సీసపుగుండు గారూ శనివారంలోగా తేల్చి చెప్పండి.